విండోస్ సర్వర్ నుండి షేర్డ్ హోస్టింగ్‌కు మారాక అప్‌లోడ్లు నాలుగు రకాలుగా విఫలమవుతున్నాయి

పాతపుస్తకం

సభ్యులందరికీ నమస్కారం. పాత పత్రికల సంచికలను స్కాన్ చేసి అందరికీ అందుబాటులో ఉంచే ఒక చిన్న వెబ్‌సైటును మేము ముగ్గురం కలిసి నడుపుతున్నాము. ఇన్నాళ్లూ అది మా సొంత విండోస్ కంప్యూటర్ మీదే నడిచింది. పోయిన వారం దాన్ని లైనక్స్ మీద నడిచే షేర్డ్ హోస్టింగ్‌కు మార్చాము. పేజీలన్నీ తెరుచుకుంటున్నాయి, డేటాబేస్ కూడా చెక్కుచెదరకుండా వచ్చింది. కొత్త సంచికలు చేర్చే అప్‌లోడ్ ఫారమ్ మాత్రం పనిచేయడం లేదు. అది మేము సొంతంగా పీహెచ్‌పీలో రాసుకున్న ఫారమ్; పాత కంప్యూటర్‌లో ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు.

300 కేబీ ఉండే ముఖచిత్రం పంపితే "అప్‌లోడ్ పూర్తయింది" అని చూపిస్తుంది, కానీ అప్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూస్తే అందులో ఏమీ ఉండదు. 5 ఎంబీ పీడీఎఫ్ పంపితే "ఫైల్ అప్‌లోడ్ కాలేదు" అని వస్తుంది. 12 ఎంబీ పీడీఎఫ్ పంపితే మరీ విచిత్రంగా "దయచేసి సంచిక పేరు నింపండి" అని అడుగుతుంది. సంచిక పేరు నింపిన తర్వాతే నేను బటన్ నొక్కాను, ఒకటికి నాలుగుసార్లు సరిచూసుకున్నాను కూడా. ఇది కాక, మొదట ఫైళ్లను సర్వర్‌కు పంపే ఫైల్‌జిల్లా అనే ప్రోగ్రామ్‌తో పాత ఫైళ్లన్నింటినీ పంపినప్పుడు సుమారు 1,900 ఫైళ్లలో 14 మాత్రం విఫలమైన బదిలీల జాబితాలో మిగిలిపోయాయి. ఎన్నిసార్లు తిరిగి పంపినా ఆ 14 వెళ్లడం లేదు.

రెండు రాత్రులుగా దీనితోనే కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో దయచేసి చెప్పగలరు.

నాలుగోమెట్టు

అప్‌లోడ్స్ ఫోల్డర్ పర్మిషన్ 777 పెట్టి చూడండి. నాకు ఇలాంటి సమస్య వచ్చినప్పుడు దానితోనే తీరిపోయింది.

లాగ్‌చదువరి

పాతపుస్తకం గారూ, 777 పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే వెంటనే 755కు మార్చండి. నేటి షేర్డ్ హోస్టింగ్‌లలో ఎక్కువ భాగం పీహెచ్‌పీని మీ ఖాతా పేరు మీదే నడుపుతాయి. ఫోల్డర్ యజమాని మీరే, రాసే ప్రోగ్రామూ మీ పేరు మీదే నడుస్తుంది కాబట్టి ఫోల్డర్‌కు 755, ఫైలుకు 644 సరిపోతాయి; ఈ రెండింటిలోనూ రాసే హక్కు యజమానికి మాత్రమే ఉంటుంది. 777 అంటే అదే యంత్రం మీద ఉన్న ఇతర ఖాతాలకు కూడా ఆ ఫోల్డర్‌లో రాసే హక్కు ఇవ్వడమే. పైగా స్క్రిప్టును దాని యజమాని పేరు మీదే నడిపే సుపీహెచ్‌పీ వంటి ఏర్పాటు ఉన్న చోట, అందరూ రాయగలిగే ఫోల్డర్‌లో ఉన్న స్క్రిప్టును సర్వర్ నడపనే నడపదు, నేరుగా 500 ఎర్రర్ ఇస్తుంది. నాలుగోమెట్టు గారి సర్వర్‌లో పీహెచ్‌పీ వేరే యూజర్ పేరుతో నడుస్తూ ఉండి ఉంటుంది, అందువల్ల అక్కడ పనిచేసి ఉండవచ్చు. ఇక్కడి లక్షణాలు పర్మిషన్‌వి కావు.

మీ వివరణ చాలా స్పష్టంగా ఉంది, దానివల్ల పని తేలికైంది. ఫైలు పరిమాణం మారిన కొద్దీ జవాబు మారుతోంది కాబట్టి మీకున్నది ఒక సమస్య కాదు, ఒకదాని వెనుక ఒకటి దాక్కున్న వేర్వేరు సమస్యలు. బ్రౌజర్ నుండి బయలుదేరిన ఫైలు మొదట వెబ్ సర్వర్‌ను దాటాలి, తర్వాత పీహెచ్‌పీ పరిమితులను దాటాలి, ఆపైన తాత్కాలిక ఫోల్డర్‌లో చేరాలి, చివరికి మీ స్క్రిప్టు దాన్ని అక్కడి నుండి అసలు చోటికి మార్చాలి. ఏ ఫైలు ఏ మజిలీలో ఆగిపోయిందో విడివిడిగా తేల్చుకోవాలి.

12 ఎంబీ ఫైలు సంగతి మాత్రం చూడకుండానే చెప్పగలను. పీహెచ్‌పీలో పోస్ట్_మాక్స్_సైజ్ అనే పరిమితి ఉంటుంది, ఏమీ మార్చకపోతే అది 8 ఎంబీ. ఫారమ్ ద్వారా వచ్చిన మొత్తం డేటా దాన్ని మించితే పీహెచ్‌పీ ఆ ఫైలును మాత్రమే కాదు, ఫారమ్‌లోని అన్ని గడులనూ పారేసి, ఖాళీ చేతులతో మీ స్క్రిప్టును నడుపుతుంది. సంచిక పేరు గడి కూడా అలాగే ఖాళీ అయిపోయింది. కాబట్టి "పేరు నింపండి" అనే ఆ సందేశం, తన చేతికి అందినంతలో, మీ ప్రోగ్రామ్ నిజాయితీగా చెప్పిన మాటే.

ఖాతాలో ఎర్రర్_లాగ్ అనే ఫైలు ఉంటుంది. అది తెరిచి, 12 ఎంబీ ఫైలు పంపిన సమయానికి ఉన్న వరుసను ఇక్కడ పెట్టండి. అలాగే మీ స్క్రిప్టులో "ఫైల్ అప్‌లోడ్ కాలేదు" అని రాసిన చోట, వచ్చిన ఫైలు వివరాలను పీహెచ్‌పీ ఉంచే ఫైల్స్ అర్రేలోని ఎర్రర్ విలువను కూడా ముద్రించండి. ఆ సంఖ్య తెలియకుండా మనం చేసేదంతా ఊహే అవుతుంది.

పాతపుస్తకం

777 పెట్టిన మాట నిజమే, నిన్ననే ప్రయత్నించాను. ఇప్పుడు 755కు మార్చాను, ధన్యవాదాలు.

లాగ్‌లో మీరు చెప్పినట్లే ఉంది. పోస్ట్ కంటెంట్ లెంగ్త్ 12984311 బైట్లనీ, అది 8388608 బైట్ల పరిమితిని మించిందనీ ఉంది. ఫైలు పేరు ఉండాల్సిన చోట "అన్‌నోన్", లైన్ సంఖ్య 0 అని ఉంది. 5 ఎంబీ ఫైలుకు ఎర్రర్ సంఖ్య 1 వచ్చింది. ముఖచిత్రానికి 0 వచ్చింది.

లాగ్‌చదువరి

8388608 అంటే సరిగ్గా 8 ఎంబీ. లైన్ 0 అని ఎందుకు ఉందంటే, మీ స్క్రిప్టులో మొదటి వరుస నడవకముందే ఫైలు తిరస్కరణకు గురైంది.

ఎర్రర్ 1 అంటే అప్‌లోడ్_మాక్స్_ఫైల్‌సైజ్ పరిమితిని దాటిందని అర్థం. దాని సహజమైన విలువ 2 ఎంబీ మాత్రమే. అందుకే 2 ఎంబీ నుండి 8 ఎంబీ దాకా ఉన్న ఫైళ్లు ఒకలాగా, ఆపైన ఉన్నవి ఇంకోలాగా విఫలమవుతున్నాయి. ఈ సంఖ్యలను తెలిసి ఉంచుకుంటే మున్ముందు కూడా పనికి వస్తాయి. 2 వస్తే మీ ఫారమ్‌లోనే రాసి పెట్టుకున్న పరిమితి అడ్డుపడినట్లు. 3 వస్తే ఫైలు సగంలో తెగిపోయినట్లు. 4 అంటే ఫైలు ఎంచుకోనే లేదు. 6 అంటే తాత్కాలిక ఫోల్డర్ దొరకలేదు, 7 అంటే డిస్కు మీద రాయలేకపోయింది, 8 అంటే పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్ ఏదో ఆపింది. 5 అనే సంఖ్య వాడుకలో లేదు.

సున్నా అంటే ఫైలు తాత్కాలిక ఫోల్డర్ దాకా క్షేమంగా చేరిందని అర్థం. కాబట్టి ముఖచిత్రం తప్పిపోయింది మీ స్క్రిప్టు చేతిలోనే. దాన్ని తర్వాత చూద్దాం, ముందు పరిమితులు సరిచేయండి.

చిరుగాలి

దీనికి సులువైన దారి ఉంది. వెబ్ సర్వర్ సెట్టింగులు రాసుకునే డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైలులో పీహెచ్‌పీ_వాల్యూ అని రాసి ఈ రెండు పరిమితులనూ 64 ఎంబీ చేయవచ్చు. స్క్రిప్టు మొదట్లో సెట్_టైమ్_లిమిట్ కూడా పెంచితే పెద్ద ఫైళ్లు మధ్యలో ఆగిపోకుండా ఉంటాయి.

పాతపుస్తకం

చిరుగాలి గారు చెప్పినట్లు చేశాను. సైటు మొత్తం 500 ఎర్రర్ చూపిస్తోంది, మొదటి పేజీ కూడా తెరుచుకోవడం లేదు. గుండె గుభేల్‌మంది. ఆ వరుసలు తీసేస్తే మళ్లీ మామూలుగా వచ్చింది.

ఇనుపపెట్టె

కంగారు పడకండి, సైటుకు ఏమీ కాలేదు. పీహెచ్‌పీ_వాల్యూ అనే మాట అపాచీ అనే వెబ్ సర్వర్‌లో పీహెచ్‌పీ ఒక మాడ్యూల్‌గా నడిచేటప్పుడే అపాచీకి అర్థమవుతుంది. మీ హోస్టింగ్‌లో పీహెచ్‌పీ విడిగా, ఫాస్ట్‌సీజీఐ లేదా ఎఫ్‌పీఎం పద్ధతిలో నడుస్తోంది. అర్థం కాని ఆదేశం కనిపిస్తే అపాచీ ఆ ఫోల్డర్‌లోని అన్నింటికీ 500 ఇస్తుంది. ఒక విధంగా చూస్తే ఈ ఎర్రర్ మీ సర్వర్ ఎలా నడుస్తోందో మనకు చెప్పింది.

మీకు కావలసింది పీహెచ్‌పీ సెట్టింగులు రాసుకునే డాట్ యూజర్ డాట్ ఐఎన్ఐ అనే ఫైలు. పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్‌లో ఆ పేరుతో ఫైలు సృష్టించి, అందులో అప్‌లోడ్_మాక్స్_ఫైల్‌సైజ్ 60 ఎం అనీ, పోస్ట్_మాక్స్_సైజ్ 64 ఎం అనీ రెండు వరుసలు రాయండి. రెండోది ఎప్పుడూ మొదటిదానికంటే కొంచెం ఎక్కువ ఉండాలి, ఎందుకంటే ఫైలుతో పాటు ఫారమ్‌లోని మిగతా గడులూ అందులోనే ఇమడాలి. మీ ప్యానెల్ సీప్యానెల్ అయితే మల్టీపీహెచ్‌పీ ఐఎన్ఐ ఎడిటర్ నుండి కూడా ఇదే పని చేయవచ్చు. స్క్రిప్టులో ఐఎన్ఐ_సెట్ రాసి మార్చాలని మాత్రం చూడకండి. స్క్రిప్టు నడిచే సమయానికి ఫైలు రావడం, ఆగడం రెండూ అయిపోయి ఉంటాయి.

చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. పీహెచ్‌పీ ఆ ఫైలును ప్రతిసారీ చదవదు, 300 సెకన్లకు ఒకసారి చదువుతుంది. ఫైలు దాచాక ఐదు నిమిషాలు ఆగి, అప్పుడు పీహెచ్‌పీ సెట్టింగులన్నీ చూపించే పీహెచ్‌పీఇన్ఫో పేజీలో కొత్త విలువలు కనిపిస్తున్నాయో లేదో చూడండి. వెంటనే పరీక్షించి, పనిచేయలేదనుకుని ఇంకేవో మార్పులు చేసి, చివరికి ఏ మార్పు ఫలించిందో తెలియక ఇబ్బంది పడినవారిని నేను చూశాను.

చిరుగాలి గారూ, సెట్_టైమ్_లిమిట్ ఇక్కడ సాయపడదు. అది స్క్రిప్టు నడిచే సమయాన్ని మాత్రమే లెక్కిస్తుంది. ఫైలు వస్తున్నంతసేపూ స్క్రిప్టు ఇంకా మొదలే కాదు. ఆ సమయానికి మాక్స్_ఇన్‌పుట్_టైమ్ అనే వేరే సెట్టింగ్ ఉంది.

చిరుగాలి

నిజమే, నా పాత సర్వర్‌లో మాడ్యూల్ పద్ధతి ఉండేది, అదే ధ్యాసలో చెప్పాను. పాతపుస్తకం గారికి కలిగిన ఇబ్బందికి క్షమించాలి. సమయం లెక్కను విడమరచి చెప్పినందుకు ఇనుపపెట్టె గారికి కృతజ్ఞతలు.

పాతపుస్తకం

క్షమాపణ ఎందుకండీ, ఆ 500 వల్లే అసలు దారి తెలిసింది.

ఐదు నిమిషాలు ఆగాను. పీహెచ్‌పీఇన్ఫోలో 60 ఎం, 64 ఎం కనిపించాయి. 5 ఎంబీ ఫైలుకు, 12 ఎంబీ ఫైలుకు కూడా ఇప్పుడు ఎర్రర్ 0 వచ్చి "అప్‌లోడ్ పూర్తయింది" అని వస్తోంది. అయితే ముఖచిత్రం లాగే అవి కూడా ఫోల్డర్‌లో కనిపించడం లేదు. 40 ఎంబీ సంచిక పంపితే మా సందేశమేదీ కాకుండా, తెల్లటి పేజీలో 413 అనే సంఖ్య వస్తోంది. దాని గురించి ఎర్రర్_లాగ్‌లో ఒక్క వరుస కూడా లేదు.

లాగ్‌చదువరి

లాగ్‌లో వరుస లేకపోవడం కూడా ఒక ఆధారమే. ఫైలు పీహెచ్‌పీ దాకా రానే లేదు, వెబ్ సర్వర్ గుమ్మంలోనే ఆపేసింది. 413 అంటే పంపిన డేటా మరీ పెద్దదని అర్థం. ముందువైపు ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఉంటే క్లయింట్_మాక్స్_బాడీ_సైజ్ అనే పరిమితి ఉంటుంది, దాని సహజ విలువ 1 ఎంబీ. మీకు 12 ఎంబీ వెళ్తోంది కాబట్టి మీ హోస్టింగ్‌వారు దాన్ని కొంత పెంచే ఉంచారు. దీన్ని షేర్డ్ హోస్టింగ్‌లో మనం మార్చలేము, వారినే అడగాలి.

ఇప్పుడు ముఖచిత్రం సంగతి. ఫైలును తాత్కాలిక ఫోల్డర్ నుండి అసలు చోటికి మార్చే మూవ్_అప్‌లోడెడ్_ఫైల్‌ను పిలిచే వరుసనూ, దాని పైన గమ్యం రాసిన వరుసనూ యథాతథంగా ఇక్కడ పెట్టండి.

పాతపుస్తకం

గమ్యం వరుసలో "డి:\పత్రిక\అప్‌లోడ్స్\" అని ఉంది, దాని చివర ఫైలు పేరు కలుస్తుంది. ఇప్పుడు చదువుతుంటే ఇది లైనక్స్‌లో పనిచేయదని నాకే తెలుస్తోంది. కానీ ఒక సందేహం. మూవ్_అప్‌లోడెడ్_ఫైల్ విఫలమైతే మా స్క్రిప్టు ఎర్రర్ చూపించాలి, దాన్ని సరిగ్గానే రాశాము. మరి "పూర్తయింది" అని ఎందుకు చెబుతోంది?

లాగ్‌చదువరి

ఎందుకంటే అది నిజంగానే పూర్తయింది. ఫైల్ మేనేజర్‌లో అప్‌లోడ్స్ ఫోల్డర్ కాకుండా, ఆ స్క్రిప్టు ఉన్న ఫోల్డర్‌ను తెరిచి చూడండి.

పాతపుస్తకం

నమ్మలేకపోతున్నాను. అన్నీ అక్కడే ఉన్నాయి! "డి:\పత్రిక\అప్‌లోడ్స్\ముఖచిత్రం.జేపీజీ" అన్నది మొత్తం ఒకే ఫైలు పేరుగా ఉంది. అలాంటివి 23 ఉన్నాయి, ఈ వారం రోజుల్లో నేను చేసిన ప్రయత్నాలన్నీ వరుసగా పేర్చినట్లు ఉన్నాయి. ఆ ఫోల్డర్ వైపు నేను ఒక్కసారి కూడా చూడలేదు.

లాగ్‌చదువరి

విండోస్‌లో బ్యాక్‌స్లాష్ ఫోల్డర్లను వేరు చేసే గుర్తు. లైనక్స్‌కు అది, కోలన్ కూడా, మామూలు అక్షరాల వంటివే. ఫైలు పేరులో నిక్షేపంగా ఉండవచ్చు. ముందు స్లాష్ లేదు కాబట్టి ఆ మొత్తాన్నీ ఒక ఫైలు పేరుగా తీసుకుని, స్క్రిప్టు నడుస్తున్న ఫోల్డర్‌లోనే రాసేసింది. ఏ తప్పూ జరగలేదు కాబట్టి ఏ లాగ్‌లోనూ పడలేదు.

గమ్యాన్ని డిస్క్ పేరుతో కాకుండా, స్క్రిప్టు ఉన్న ఫోల్డర్‌ను సూచించే __డిఐఆర్__ నుండి మొదలుపెట్టి రాయండి, స్లాష్‌ను ముందుకు వాలిన గుర్తుగానే వాడండి. విండోస్‌లో కూడా పీహెచ్‌పీ దాన్ని అంగీకరిస్తుంది, అందువల్ల పాత కంప్యూటర్‌లో పరీక్షించుకోవాలన్నా అదే కోడ్ పనిచేస్తుంది. ఇంకో మాట, ఆంగ్ల పేర్లలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు విండోస్‌లో ఒకటే, లైనక్స్‌లో వేర్వేరు. ఫోల్డర్ పేరు ఒకచోట పెద్ద యూతో, ఇంకోచోట చిన్న యూతో రాసి ఉంటే ఇప్పుడే సరిచేసుకోండి.

తొలకరి

ఈ చర్చను మొదటి నుండి చదువుతున్నాను, నా అనుభవం కూడా ఒకటి చేరుస్తాను, ఇటువైపు వచ్చే ఇతరులకు ఉపయోగపడవచ్చు. కొన్నేళ్ల క్రితం నేను ఒక హోస్టింగ్‌కు మారినప్పుడు పీహెచ్‌పీ పరిమితులన్నీ పెద్దవిగా ఉన్నా, చిన్న ఫొటోలకు కూడా 500 వచ్చేది. అతి చిన్న ఐకాన్లు మాత్రం వెళ్లేవి. ఏ పరిమాణం దగ్గర తెగుతోందో తెలుసుకోవడానికి 100 కేబీ, 120 కేబీ, 130 కేబీ, 140 కేబీ ఫైళ్లు తయారుచేసి ఒక్కొక్కటే పంపాను. 120 వెళ్లింది, 130 ఆగిపోయింది. అపాచీలోని మాడ్_ఎఫ్‌సీజీఐడీ అనే మాడ్యూల్‌కు 2.3.6 వెర్షన్ నుండి సహజ పరిమితి 131072 బైట్లు, అంటే 128 కేబీ. హోస్టింగ్‌వారికి ఆ సంఖ్యతో సహా రాస్తే అదే రోజు పెంచారు. అంతకుముందు మూడు రోజులు "అప్‌లోడ్ పనిచేయడం లేదు" అని మాత్రమే రాస్తూ వచ్చాను, వారు పర్మిషన్లు చూసుకోమంటూ వచ్చారు.

అలాగే ఫైలు పేరులో ఒంటి కొటేషన్ గుర్తు ఉంటే, వెబ్ సర్వర్‌కు కాపలా కాసే మోడ్‌సెక్యూరిటీ ఆ ఫారమ్‌ను అనుమానించి ఆపివేయవచ్చు. అన్ని ఫైళ్లూ వెళ్తూ ఒక్కటే ఆగితే, ఆ ఫైలు పేరు ముందు చూడాలని అప్పటి నుండి నాకు అలవాటైంది.

పాతపుస్తకం

గమ్యం మార్చాను. ముఖచిత్రాలు, 12 ఎంబీ దాకా పీడీఎఫ్‌లు సరైన చోటికి చేరుతున్నాయి. నాకు కళ్లు చెమర్చాయంటే అతిశయోక్తి కాదు.

తొలకరి గారు చెప్పిన పద్ధతిలోనే 20, 30, 35 ఎంబీ ఫైళ్లు పంపి చూసి, ఆ వివరాలతో హోస్టింగ్‌వారికి రాశాను. వెబ్ సర్వర్ పరిమితి 32 ఎంబీ అనీ, అది అన్ని ఖాతాలకూ ఉమ్మడి కాబట్టి మార్చలేమనీ జవాబు వచ్చింది. 32 ఎంబీ దాటిన సంచికలు మాకు నెలకు రెండో మూడో ఉంటాయి.

ఇక మిగిలింది ఆ 14 ఫైళ్లు.

ఇనుపపెట్టె

నెలకు రెండు మూడింటి కోసం ఫైలును బ్రౌజర్‌లో ముక్కలు చేసి పంపే కోడ్ రాయనక్కరలేదని నా అభిప్రాయం. పెద్ద సంచికలను ఎస్ఎఫ్‌టీపీ (ఫైళ్లను నేరుగా సర్వర్‌కు పంపే సురక్షిత పద్ధతి) ద్వారా ఒక ప్రత్యేక ఫోల్డర్‌లో వేసి, ఫారమ్‌లో "సర్వర్‌లో ఉన్న ఫైలును ఎంచుకోండి" అనే గడి పెట్టుకుంటే చాలు. ఎస్ఎఫ్‌టీపీ వెబ్ సర్వర్ గుండా వెళ్లదు కాబట్టి ఈ పరిమితి దానికి అడ్డురాదు. రోజూ పెద్ద ఫైళ్లు వచ్చే సైటు అయితే ముక్కల పద్ధతే మేలు.

ఆ 14 ఫైళ్ల విషయంలో, ఫైల్‌జిల్లాలో ఏకకాల బదిలీల సంఖ్యను 2కు తగ్గించి, పాసివ్ పద్ధతిలో మళ్లీ పంపి చూశారా? షేర్డ్ హోస్టింగ్‌లో ఒక ఖాతాకు అన్ని కనెక్షన్లు ఒకేసారి ఇవ్వరు.

పాతపుస్తకం

చేశాను. ఒక్కొక్కటిగా పంపినా అవే 14 ఆగుతున్నాయి. డిస్కులో చోటు ఉంది, ఫైళ్ల సంఖ్య పరిమితి కూడా ఎనిమిదో వంతు కూడా నిండలేదు. అవి పెద్ద ఫైళ్లు కూడా కావు, ఒకటైతే 900 కేబీ మాత్రమే.

తొలకరి

ఆ 14 పేర్లను ఒకసారి ఇక్కడ పెట్టగలరా?

పాతపుస్తకం

అన్నీ ప్రత్యేక సంచికలవి. ఒక్కటి చూడండి: "స్త్రీవిద్యావ్యాప్తికి సంబంధించిన ప్రత్యేక వ్యాసాల సంపుటి రెండవ భాగం అనుబంధ పత్రములతో సహా సంపూర్ణ ప్రతి.పీడీఎఫ్". మిగతావీ ఇంత పొడవైనవే.

తొలకరి

కారణం అదే. లైనక్స్‌లో సాధారణంగా ఒక ఫైలు పేరు 255 బైట్లు మించకూడదు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. మీ పేరులో మొదటి అక్షరం "స్త్రీ" కంటికి ఒకటే అక్షరం, కానీ యంత్రానికి స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి 6 కోడ్‌లు, అంటే 18 బైట్లు. ఆ లెక్కన సుమారు 85 కోడ్‌లతో పరిమితి నిండిపోతుంది. విండోస్‌లోని ఫైల్ వ్యవస్థ ఎన్‌టీఎఫ్ఎస్ కూడా 255 అనే అంటుంది, కానీ అది బైట్లను లెక్కించదు, 16 బిట్ల ప్రమాణాలను లెక్కిస్తుంది. తెలుగు కోడ్ ఒకటి అక్కడ ఒక ప్రమాణమే. అందుకే పాత కంప్యూటర్‌లో ఈ పేర్లు హాయిగా ఇమిడాయి. ఇవే పేర్లతో మీ ఫారమ్ ద్వారా పంపినా మూవ్_అప్‌లోడెడ్_ఫైల్ దగ్గర ఆగిపోతాయి.

డిస్కు మీద ఫైలుకు సంచిక సంఖ్యను పేరుగా పెట్టి, పూర్తి తెలుగు శీర్షికను డేటాబేస్‌లో ఉంచడం మంచిది. పాఠకుడు దించుకునేటప్పుడు, ఫైలును ఏ పేరుతో దాచాలో బ్రౌజర్‌కు చెప్పే కంటెంట్ డిస్పొజిషన్ హెడర్‌లో తెలుగు పేరును పంపవచ్చు. లింకుల్లోనూ దీనివల్ల మేలు ఉంది. శాతం గుర్తులతో మారినప్పుడు ఒక్కో తెలుగు కోడ్ 9 గుర్తులుగా సాగిపోయి లింకు చదవలేనంత పొడవవుతుంది.

పాతపుస్తకం

పద్నాలుగు ఫైళ్లకూ సంచిక సంఖ్యలు పేర్లుగా పెట్టి పంపాను, 14 వెళ్లాయి. ఫైల్‌జిల్లాలో విఫలమైన బదిలీల జాబితా ఇప్పుడు ఖాళీగా ఉంది. మిగతా 1,900 ఫైళ్ల పేర్లను కూడా మెల్లగా అదే పద్ధతికి మారుస్తాము, శీర్షికలు డేటాబేస్‌లో ఎలాగూ ఉన్నాయి. పెద్ద సంచికలకు ఇనుపపెట్టె గారు చెప్పిన ఎస్ఎఫ్‌టీపీ ఫోల్డర్ ఏర్పాటు చేశాను, మొదటి 40 ఎంబీ సంచిక అక్కడి నుండే సైటులోకి చేరింది.

లాగ్‌చదువరి

చాలా సంతోషం. రెండు పనులు మిగిలాయి. పీహెచ్‌పీఇన్ఫో పేజీని తొలగించండి, అది మీ సర్వర్ వివరాలన్నీ దారిన పోయేవారికి చూపిస్తుంది. అలాగే అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ స్క్రిప్టులు నడవకుండా ఆపి, వచ్చిన ఫైలు నిజంగా పీడీఎఫో చిత్రమో ఫైల్‌ఇన్ఫో ఎక్స్‌టెన్షన్‌తో సరిచూసే వరుస ఒకటి చేర్చండి. కొన్ని హోస్టింగ్‌లలో ఆ ఎక్స్‌టెన్షన్‌ను ప్యానెల్ నుండి విడిగా ఆన్ చేయాల్సి ఉంటుంది.

పాతపుస్తకం

పీహెచ్‌పీఇన్ఫో పేజీ తీసేశాను. ఫైల్‌ఇన్ఫో ఆఫ్‌లో ఉంది, ఇప్పుడే ఆన్ చేశాను. స్క్రిప్టు ఫోల్డర్‌లో మిగిలిపోయిన ఆ 23 "డి:\" ఫైళ్లను కూడా ఒక్కొక్కటే తెరిచి చూసి, అసలు చోట ప్రతి ఉన్నవాటిని తొలగించాను. రెండు ముఖచిత్రాలు మాత్రం ఇంకెక్కడా లేవు, వాటిని సరైన పేర్లతో అప్‌లోడ్స్‌లోకి మార్చాను.